నాలుగు బోర్లు ఫెయిలైనయ్. ఇది మా నాయిన నొసటి రాతనా, తప్పా?

బత్తాయి చెట్టు
మాది చండూరు దిక్కు. ఏడెకరాల చెల్క, అండ్ల నాలుగెకరాలు బత్తాయి తోట ఉండె. 2015–16 కరువుల ట్యాంకర్లతోటి నీళ్లు పోసి ఒక ఎండకాలం దాటించినం. రెండో ఎండకాలం మాతోని కాలే. చెట్లు నరికి కట్టెలకు అమ్మినం. అటెనక నాయిన నాలుగు బోర్లు ఏయించిండు. మూడింట్ల దుమ్మే లేచింది. నాలుగోది 620 ఫీట్లు పోయినంక ఇంచు నీళ్లు పడ్డయ్, రెండు నెలల్ల అవీ ఎండినయ్. చేను ఆనుకొనే మా చిన్నాయినది ఉన్నది. ఒక్కటే బోరు ఏసిండు, 180 ఫీట్లకే రెండించుల నీళ్లు. ఇయ్యాల్టికీ పోస్తనే ఉన్నది.

నాయిన ఇప్పుడు ఒక్కటే మాట అంటడు, "మన నొసట నీళ్లు రాయలేదు బిడ్డా" అని. బోర్ల కాడికే అయితే నేనూ ఊకుందును. షుగర్ గోళీలు గూడ బంద్ పెట్టిండు. "ఎన్నేండ్లు రాసుంటే అన్నేండ్లు" అంటడు. నేను హైదరాబాద్‌ల ఉంట. పోయిన వారం ఇంటికి పోతే ఇద్దరికీ లొల్లయింది. "రాత లేదు గీత లేదు, నువ్వు చేసిన పనే తెలివితక్కువ పని" అన్న. తిరిగి ఒక్క మాట అనలే. గొంగడి కప్పుకొని అటు తిరిగి పండుకున్నడు. అప్పటిసంది నాకు నిద్ర పడ్తలేదు.

రాత అనేది ఉంటే ఆయనది తప్పు లేనట్టు. లేకపోతే తప్పంతా ఆయనదే అయినట్టు. రెండిట్ల ఏదని చెప్పాలె నాయినకు?

జడ్చర్ల జంక్షన్
రాతా లేదు, ఏం లేదు. ముందుగాల గోళీలు మింగించు అన్నా. మిగితా ముచ్చట తర్వాత మాట్లాడుకుందం.

గట్టు భక్తుడు
రాత ఉన్నది. పక్కపక్క చేండ్లు, ఒక్కటే తీరు మట్టి. అన్నకు దుమ్ము, తమ్మునికి నీళ్లు. దీన్ని రాత అనకుంటే ఇంకేమంటరు? మీ నాయినను తప్పు పట్టకు తమ్మీ. ఆయన చెప్పిందే నిజం.

రాతి పొర
ఇరవై రెండేళ్లుగా భూగర్భజలాల పనిలోనే ఉన్నాను, కనుక ఈ ఒక్క విషయంలో కొంచెం చెప్పగలను. పైకి ఒకే తీరు మట్టి కనపడినంత మాత్రాన కింద కూడా ఒకే తీరు ఉండదు. నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతమంతా చాలా వరకు గ్రానైటు. పైన మట్టి, దాని కింద మొరం, దాని కింద గట్టి బండ. బండలో నీళ్లుండవు. బండకున్న పగుళ్లలో ఉంటాయి. పగులు తగిలితే నీళ్లు, పదిహేను అడుగులు పక్కకు జరిగితే దుమ్ము. లోతుకు పోయిన కొద్దీ పగుళ్లు తగ్గుతాయి కాబట్టి 200 అడుగుల్లో పడనివి 600 అడుగుల్లో పడతాయన్న నమ్మకం కూడా పెట్టుకోలేం.

నాలుగు పాయింట్లు ఎవరు చూశారు? మీ చేను ఎత్తు మీద ఉందా, పల్లంలో ఉందా? చిన్నాన్నగారి బోరు ఎక్కడుంది?

బత్తాయి చెట్టు
నాలుగూ ఒక్క మనిషే చూసిండు. అరచేతిల కొబ్బరికాయ పెట్టుకొని నడుస్తడు, కాయ నిలవడ్డ కాడ పాయింటు. మాది మిట్ట మీద. చిన్నాయినది కింద వాగు పక్కకు, పాత కుంట కట్ట కింద.

రాతి పొర
సగం జవాబు మీరే చెప్పేశారు. కుంటలో ఇంకిన నీరు ఆయన చేను కిందికి చేరుతుంది. మిట్ట మీద పడ్డ వాన నిలవకుండా ఆయన వైపే పారిపోతుంది. ఎలక్ట్రికల్ రెసిస్టివిటీ సర్వే (భూమిలోకి కరెంటు పంపి కింది పొరలను అంచనా వేసేది) చేయించి ఉంటే మొరం ఎంత మందం ఉంది, పగుళ్లకు అవకాశం ఏ వైపు ఉంది అన్నది తెలిసేది. అది కూడా పూర్తి హామీ కాదు. సర్వే చేసిన పాయింట్లు ఫెయిలైనవి నా చేతిమీదే ఉన్నాయి. అయినా చీకట్లో తడుముకోవడానికీ, దీపం పట్టుకుని వెతకడానికీ తేడా ఉంది కదా.

జడ్చర్ల జంక్షన్
చూసిన్రా గట్టు భక్తుడన్నా, రాత కాదు జాగా! కొబ్బరికాయను నమ్మి నాలుగు బోర్లు పోగొట్టుకున్నడు పెద్దమనిషి.

గట్టు భక్తుడు
ఆ మిట్ట జాగా ఆయనకే ఎందుకొచ్చింది మరి? అది గూడ సర్వేల తెలుస్తదా?

బత్తాయి చెట్టు
పంపకాల్ల వచ్చింది. చిట్టీలు ఏసి పంచుకున్నరు.

గట్టు భక్తుడు
అదే నేననేది.

మర్రిగూడ ముచ్చట
జాగా ముచ్చట వచ్చింది కాబట్టి మాది చెప్త. మా అవ్వకు నలబై ఏండ్లకే నడుము వంగింది. నేను పుట్టేనాటికి కట్టె లేకుండ నడవకపోయేది. మెడ తిప్పాలంటే మనిషంతా తిరగాలె. మా వాడల అసుంటోళ్లు ఇంటికొకరు. ఎవరి శాపమో అనుకునేటోళ్లు. ఏ జన్మల ఏం పాపం చేసినమో అని మొక్కులు మొక్కిన్రు, కోళ్లు కోసిన్రు. అవ్వ గూడ అదే అనుకుంట సచ్చిపోయింది.

శాపం కాదు, నీళ్లు. లీటరుకు మిల్లీగ్రామున్నర దాటితే తాగొద్దనే ఫ్లోరైడు మా బోర్లల్ల అంతకు ఎన్నో రెట్లు ఉండె. బండల్నుంచే నీళ్లల్ల కలుస్తది. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడు తీసే పద్ధతిని నాగపూర్ శాస్త్రవేత్తలు కనిపెట్టి దానికి మన జిల్లా పేరే పెట్టిన్రు, నల్లగొండ పద్ధతి అని. దేశమంత ఆ పేరు చదువుకున్నరు. మా అవ్వ మాత్రం ఆ బోరింగు నీళ్లే తాగింది. ఇప్పుడు కృష్ణ నీళ్లు నల్లాల వస్తున్నయ్, మా పిల్లల పండ్లు తెల్లగున్నయ్. రాత మారిందా, నీళ్లు మారినయా?

మూసీ ఒడ్డు
మర్రిగూడ ముచ్చట రాసింది రెండుసార్లు చదివిన. మా అమ్మమ్మది గదే కథ. నాంపల్లి మండలం.

పాత పంతులు
ముప్పై ఆరేళ్లు తెలుగు చెప్పి రిటైరైనవాణ్ని. ప్రశ్న పెట్టిన అబ్బాయి రెండే దారులున్నాయనుకుంటున్నాడు. రాత ఉంటే తప్పు లేదు, రాత లేకుంటే తప్పంతా నాన్నదే అని. మన పెద్దలు దీన్ని అలా రెండు ముక్కలుగా కోయలేదు నాయనా. ఒక్క చక్రంతో బండి నడవనట్టే మనిషి యత్నం లేకుండా దైవం ఒక్కటీ ఫలించదని యాజ్ఞవల్క్య స్మృతి చెప్పింది. భగవద్గీత 18వ అధ్యాయంలో ఏ పనికైనా ఐదు కారణాలు చెప్పారు. అధిష్ఠానం, కర్త, సాధనాలు, రకరకాల ప్రయత్నాలు, ఐదోది దైవం. దైవాన్ని లెక్కలోంచి తీసెయ్యలేదు, అలాగని మొదట కూర్చోబెట్టనూ లేదు. అదే అధ్యాయంలో అంతా చెప్పాక కృష్ణుడు అర్జునుడితో అనే మాట "యథేచ్ఛసి తథా కురు". ఆలోచించుకుని నీకు తోచినట్టు చెయ్యమన్నాడు. అంతా ముందే రాసి ఉంటే అలా అనవలసిన పనేముంది?

వేదాంతంలో బాణాల పోలిక ఉంది. అమ్ములపొదిలో ఉన్న బాణాలు సంచితం. వదిలేసిన బాణం ప్రారబ్ధం, దాన్ని వెనక్కి పిలవలేం. వింటికి ఎక్కుపెట్టినది ఆగామి, అది ఇంకా మన చేతిలోనే ఉంది. మీ నాన్నగారి నాలుగు బోర్లు వదిలేసిన బాణాలు. షుగర్ గోళీ మాత్రం ఇంకా వింటి మీదే ఉంది.

బుద్ధుడి కాలంలోనే మక్ఖలి గోసాలుడని ఒకాయన ఉండేవాడు. ఆజీవకుల గురువు. విసిరిన దారపుండ ఎంత దారముంటే అంతవరకే దొర్లినట్టు ప్రతి జీవీ తన నియతి కొద్దీ తిరగాల్సిందే, ప్రయత్నమనేదే లేదన్నాడు. బుద్ధుడు దాన్ని గట్టిగా ఖండించాడు. మన పాత నల్లగొండ జిల్లాలోని ఫణిగిరి గుట్ట మీద బౌద్ధ భిక్షువులు బతికిన విహారాలున్నాయి, ఎప్పుడైనా వెళ్లి చూడండి. ఈ రోజు మనం ఆడే వాదన ఆ గుట్ట మీద మనకంటే ముందే జరిగి ఉంటుందని నాకనిపిస్తుంది.

కడవెండి బాట
పంతులుగారూ, మీ మీద గౌరవంతోనే అంటున్న. ఆ ప్రారబ్ధం మాట అందరికీ ఒకే తీరు చెప్పలే. వెట్టి చేసేటోనికి చెప్పిన్రు, దొరకు చెప్పలే. "పోయిన జన్మల చేసుకున్నవ్, ఈ జన్మల మొయ్యి" అన్నరు. బాంచెన్ నీ కాల్మొక్కుత అనుకుంట తరాలు పోయినయ్. పాలకుర్తి అయిలమ్మ గూడ ఆ మాటే నమ్మి కూసుంటే విసునూరు దేశ్‌ముఖ్ ఆమె పంట కోసుకపోతుండె. ఆమె నమ్మలే. సంగపోళ్లతోటి కలిసి పంట ఇంటికి తెచ్చుకున్నది. 1946 జులై 4 నాడు కడవెండిల దొడ్డి కొమరయ్య పానం ఇచ్చిండు. అప్పుడు ఆ ఊర్లన్నీ నల్లగొండ జిల్లాలయే. రాత అనుకున్నదాన్ని తుడుపుకున్న జిల్లా మనది. మన జిల్లాల పుట్టి నొసటి మీద నెట్టేసుడేంది?

పాత పంతులు
మీరన్నది కాదనను. బడిలో చెప్పినన్నాళ్లూ బాణాల పోలిక చెప్పాను. అది ఎవరి వీపు మీద గుచ్చుకుందో క్లాసులో ఒక్కసారి కూడా చెప్పలేదు. చెప్పి ఉండాల్సింది.

మక్తల్ ఆడబిడ్డ
ఇన్నొద్దులు చదువుడే గాని రాయలే. కడవెండి బాట అన్న మాట చదివినంక రాయాలనిపించింది.

మా మేనత్తకు ఎనిమిదేండ్లప్పుడు తలల జడ కట్టింది. నూనె లేక, దువ్వెన లేక, పొద్దంత చేన్ల ఉండే పిల్లకు వెంట్రుకలు ముద్ద కట్టుడు ఏం వింత? ఎల్లమ్మ కోరుకున్నదన్నరు. దేవుని సొమ్ము అన్నరు. ముత్యాలు కట్టి జోగినిని చేసిన్రు. తర్వాత ఆమె బతుకు ఎట్లయిందో మా దిక్కు పుట్టినోళ్లకు చెప్పే పని లేదు. 1988ల నిషేధ చట్టం వచ్చింది, గాని అప్పటికి ఆమెకు ఇద్దరు పిల్లలు, బడిల తండ్రి పేరు రాయమంటే రాయనీకి పేరు లేదు.

ముసలితనంల నేనే దగ్గరుండి ఆమె జడ కత్తిరించిన. చేతులు వణికినయ్. ఆమె అద్దంల చూసుకొని "గింతేనా బిడ్డా, గిదేనా నన్ను గింత దూరం తెచ్చింది" అన్నది. ఎవరి నొసట ఎవరు రాసిన్రు? మా ఊరు రాసింది. ఊరి పెద్దమనుషులు కూసోని రాసిన్రు.

జడ్చర్ల జంక్షన్
అక్కా, నీ మాటకు ఏం చెప్పాల్నో తెలుస్తలేదు. మీ మేనత్తకు దండం.

సైకాలజీ పీజీ
కొంచెం సైన్సు వైపు నుంచి. 1983లో బెంజమిన్ లిబెట్ అనే అమెరికా శాస్త్రవేత్త ఒక ప్రయోగం ప్రచురించాడు. మనుషుల్ని కూర్చోబెట్టి, మీకు ఎప్పుడు తోస్తే అప్పుడు చెయ్యి కదిలించండి, కదిలించాలని అనిపించిన క్షణం గడియారంలో చూసి చెప్పండి అన్నాడు. చెయ్యి కదలడానికి సుమారు అర సెకను ముందే మెదడులో తయారీ మొదలైంది. కానీ "కదిలిద్దాం" అనిపించింది సుమారు 0.2 సెకను ముందు మాత్రమే. అంటే నిర్ణయం మనకు తెలిసేలోపే మెదడు పని మొదలుపెట్టేసింది. దీన్ని పట్టుకుని స్వేచ్ఛ ఒక భ్రమ అన్నవాళ్లున్నారు. 2012లో షుర్గర్ అనే ఆయన, ఆయన తోటివాళ్లు దీన్ని వేరేగా చదివారు. అది ముందే జరిగిపోయిన నిర్ణయం కాదు, మెదడులో ఎప్పుడూ ఉండే హెచ్చుతగ్గులు ఒక గీత దాటినప్పుడు చెయ్యి కదులుతుంది, వెనక్కి చూస్తే తయారీలా కనిపిస్తుంది అన్నారు. వాదన ఇంకా నడుస్తూనే ఉంది.

పాలమూరు బిడ్డ
తమ్మీ, వేలు కదిలించుడు వేరు, బోరు ఏసుడు వేరు. బోరు ఏసే ముందు మనిషి మూడు నెలలు నిద్ర పోడు. భార్య పుస్తెలతాడు దిక్కు చూస్తడు, చూసి మొఖం తిప్పుకుంటడు. అర సెకను లెక్క అక్కడ పనికిరాదు.

మాది దేవరకద్ర దిక్కు. మా తాత నాగార్జునసాగర్‌కు రాళ్లు మోసిండు. 1955 డిసెంబర్ 10 నాడు నెహ్రూ పునాది ఏసిండు, 1967 ఆగస్టు 4 నాడు ఇందిరాగాంధీ కాల్వలకు నీళ్లిడిచింది. 124 మీటర్ల ఎత్తు రాతి కట్ట. అండ్ల మా తాత పెట్టిన రాయి ఏదో ఎవరికీ తెల్వది. మా నాయిన గుంపు మేస్త్రీ కాడ అడ్వాన్సు తీసుకొని గుజరాత్, మహారాష్ట్ర, కర్ణాటక తిరిగిండు. డ్యాములు, కాల్వలు, సొరంగాలు. నన్ను అవ్వ కాడ ఇడిచిపెట్టి అమ్మ గూడ పోయేది. బస్సు కాడ నేను ఏడిస్తే అవ్వ అనేది, "పాలమూరోని రాత ఇంతే బిడ్డా, ఊకో."

కృష్ణమ్మ తెలంగాణల అడుగుపెట్టేదే మా పాత జిల్లాల, తంగడి కాడ. నది లోయల పారుతది, మా చేండ్లు మీద ఉంటయ్. నీళ్లు ఎత్తాలె. ఎత్తుడు మనిషి పని, ఎత్తకపోవుడు గూడ మనిషి పనే. పాలమూరు-రంగారెడ్డి ఎత్తిపోతలకు 2015 జూన్ 11 నాడు పునాది పడ్డది, 2023 సెప్టెంబర్ 16 నాడు మొదటి మోటరు తిరిగింది. మా నాయిన టీవీల ఆ నీళ్లు దుంకుడు చూసి లేసి నిలవడ్డడు. ఎవరికి దండం పెట్టిండో తెల్వదు గాని పెట్టిండు.

మర్రిగూడ ముచ్చట
సాగర్ కట్ట మన జిల్లాలనే ఉన్నది. అయినా కాల్వ పల్లం పట్టుకొని మిర్యాలగూడ, హుజూర్‌నగర్ దిక్కు పోయింది. మునుగోడు, దేవరకొండ మిట్ట మీద ఉండిపోయినయ్. పుట్టంగండి కాడ మోటర్లు పెట్టి ఎత్తుడు శురువైనంకనే మా దిక్కు కృష్ణ నీళ్ల మొఖం చూసినం. బత్తాయి చెట్టు చేనుకు అయింది మా మండలాలకు అయింది ఒక్కటే.

గట్టు భక్తుడు
పాలమూరు బిడ్డా, సొరంగం అన్నవు కాబట్టి అడుగుత. 2025 ఫిబ్రవరి 22 నాడు దోమలపెంట కాడ శ్రీశైలం ఎడమగట్టు కాల్వ సొరంగం కూలింది. 8 మంది లోపల్నే ఉండిపోయిన్రు. అదే పొద్దు, అదే పనిల ఉన్న మిగితావాళ్లు బయటికి ఉరికిన్రు. పది అడుగులు ఇటున్నోడు ఇంటికి పోయిండు, అటున్నోడు పోలే. దీనికేం చెప్తవు?

పాలమూరు బిడ్డ
దీనికి నా కాడ జవాబు లేదన్నా. ఆ 8 మంది వేరే రాష్ట్రాలోళ్లు. మా నాయిన ఆళ్ల రాష్ట్రాలకు పోయిండు, ఆళ్లు మన జిల్లాకు వచ్చిన్రు. ఆ వార్త చూసుకుంట మా నాయిన రెండు దినాలు అన్నం ముట్టలే. "నేనుండాల్సిన జాగల ఆళ్లున్నరు" అన్నడు. గాని అన్నా, ఎవడు ఎక్కడ నిలవడ్డడో రాత అనుకుందం. సొరంగం కూలకుండ చూసుడు గూడ రాత అంటే మాత్రం ఒప్పుకోను.

అమీనా, మహబూబ్‌నగర్
మా ఇంట్ల తక్దీర్ అంటరు. మా అబ్బా ప్రతి మాటకు తక్దీర్ అనేటోడు, గాని దుకాణానికి తాళం మాత్రం రెండుసార్లు లాగి చూసేటోడు. ఒకాయన ప్రవక్త దగ్గరకొచ్చి, ఒంటెను కట్టేయాల్నా, ఇడిచిపెట్టి అల్లాహ్ మీద భారం వెయ్యాల్నా అని అడిగిండట. ముందు కట్టెయ్యి, అటెనక భారం వెయ్యి అన్నరు. చిన్నప్పుడు మౌల్వీసాబ్ చెప్పింది. మీ నాయినకు ఇది చెప్పు భయ్యా. ఏ దేవునిదైనా కోపగించుకోడు.

జడ్చర్ల జంక్షన్
రెండుసార్లు తాళం లాగుడు మా నాయినది గూడ గదే అలవాటు. ఒకపాలి బస్టాండు దాంక పోయి మళ్లొచ్చిండు.

అసలు ముచ్చటకొస్త. గట్టు భక్తుడన్నా, ఇంతమంది ఇన్ని చెప్పినా మీరు రాత రాత అనుడు మానరు. మీ అసుంటోళ్ల వల్లనే బత్తాయి చెట్టు వాళ్ల నాయిన గోళీలు మానేసిండు. చేతగానితనానికి పెట్టుకున్న ముద్దుపేరు అది.

గట్టు భక్తుడు
చేతగానితనమే అనుకో తమ్మీ.

నాకు ఒక్కడే కొడుకు. ఇంజినీరింగు రెండో సంవత్సరం. ఆ దినం వాడు పొద్దుగాల నార్కట్‌పల్లి దాంక పోవాలన్నడు. బస్సుకు పో అన్న మొదట. బస్సు తప్పింది. వాడు బతిమాలితే బండి తాళంచెవి నేనే తీసి ఇచ్చిన. అంగి జేబుల ఉండె, నా చేత్తోని తీసి వాని చేతిల పెట్టిన. విజయవాడ రోడ్డు మీద లారీ. పదకొండు గంటలకు ఫోనొచ్చింది.

హెల్మెట్ మేకుకు తగిలేసి ఉండె. అది గూడ నాకు కనవడ్డది. చెప్పలే. గింత దూరమే కదా అనుకున్న.

తొమ్మిదేండ్లయింది. నేను మందు తాగలే, ఉరి పెట్టుకోలే, వాళ్లమ్మను చూసుకుంటున్న, పొద్దుగాల లేసి పనికి పోతున్న. ఎట్ల పోతున్ననో చెప్పన్నా? వాని రాత అంతవరకే ఉండె అని రోజూ నాకు నేను చెప్పుకుంట లేస్త. ప్రతి అమావాస్యకు చెర్వుగట్టు ఎక్కుత, జడల రామలింగేశ్వరస్వామి ముంగట కూసుంట. ఆ ఒక్క మాట నా కాడికెల్లి గుంజుకుంటే నా జేబుల తాళంచెవి తప్ప ఏం మిగలదు. ఇంక అడుగుండ్రి, రాత ఉన్నదా లేదా అని.

దేవరకొండ నర్సు
అన్నా, మీ ముచ్చట డ్యూటీల చదివిన, కొద్దిసేపు బయటికి పోయి నిలబడ్డ.

పదిహేడేళ్ల సంది ఈ పని చేస్తున్న. రాత అనే మాట నేను రెండు చోట్ల వింట. ఒకటి, పాము కరిచినోన్ని తెచ్చేటప్పుడు. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, ఏది కరిచినా మా కాడ ఒకటే ఇంజెక్షన్ ఉన్నది, తొందరగ వస్తే పని చేస్తది. గాని మంత్రమేయించి, పసరు తాగించి, మూడు గంటలు పోగొట్టి తెస్తరు. తెచ్చి "ఇంగ వాని రాత మేడం" అంటరు. అప్పుడు నాకు కడుపు మండుతది. చెప్పుకోలేనంత కోపమొస్తది.

రెండోది, అంతా అయిపోయినంక. ఒకమ్మ బిడ్డ తలకాయ ఒడిల పెట్టుకొని "నేను గా చేనుకు పంపకపోతే" అని ఏడుస్తుంటది. అప్పుడు ఆమె పక్కకు కూసోని "అమ్మా, వాని రాత అంతే ఉన్నది, నువ్వేం చేస్తవు" అనేది ఎవరనుకున్నరు? నేనే. పొద్దుగాల ఆ మాట మీద కోపం తెచ్చుకున్న మనిషినే. అది అబద్ధమని నాకు ఎప్పుడూ అనిపించలే.

బత్తాయి చెట్టు తమ్ముడు, మీ నాయినకు బోర్ల సంగతి రాత అనే చెప్పు. అవి అయిపోయినయ్. షుగర్ సంగతి అట్ల కాదు, అది ఇంకా కాలే. కాళ్లకు పుండు పడకముందే తీసుకురా, మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష చేయించు, కండ్లు గూడ చూపించు.

జడ్చర్ల జంక్షన్
గట్టు భక్తుడన్నా, నా మాటలు వాపసు తీసుకుంటున్న. తెల్వక అన్న. తప్పైంది.

గట్టు భక్తుడు
ఏం కాదు తమ్మీ. నువ్వు మా వాని ఈడోనివే ఉంటవ్. హెల్మెట్ పెట్టుకొని తిరుగు.

మూసీ ఒడ్డు
పైన పాత పంతులు చెప్పిన బాణాలూ, నర్సక్క చెప్పిన రెండు చోట్లూ ఒక్కటే గదా. ఆమె దవాఖానల చూసింది, ఆయన పుస్తకంల చదివిండు.

పాత పంతులు
అవునమ్మా. ఆమె చెప్పిందే నాకు ఎక్కువ తెలిసింది.

బత్తాయి చెట్టు
మూడు దినాల సంది అందరివీ చదువుతున్న. పైన గట్టు భక్తుడన్న ఒక మాట అడిగిండు, మిట్ట జాగా నాయినకే ఎందుకొచ్చింది అని. చిట్టీలు ఏసిన్రు అని ఊకున్న. మిగితాది చెప్పలే.

చిట్టీలు ఇత్తడి చెంబుల ఏసిన్రు. పెద్దోళ్లు తీస్తే మోసమంటరని చిన్న పిల్లగానితోని తీయిస్తరు గదా. ఆ పిల్లగాన్ని నేనే. ఐదేండ్లుంటయ్. నాయిన నన్ను ఎత్తుకొని చెంబు కాడ దించిండు. మా నాయిన కోసం నేను తీసిన చిట్టీల మిట్ట చేను వచ్చింది. అందరూ చప్పట్లు కొట్టిన్రు, మా చిన్నాయిన నాకు బెల్లం ముక్క పెట్టిండు. అప్పుడు ఎవరికీ బాధ లేదు, బోర్లు లేవు, మిట్టకూ పల్లానికీ అంత తేడా తెల్వదు.

తోట ఎండినప్పటిసంది నాకు ఆ చెంబే కనిపిస్తది. నాయిన "మన నొసట రాయలే" అన్నప్పుడల్లా నా చెయ్యి యాదికొస్తది. ఆ కోపంతోనే ఆయన్ని తెలివితక్కువ అన్ననేమో. అడగాల్సింది నాయిన తప్పు గురించి కాదు. నా గురించి.

మక్తల్ ఆడబిడ్డ
ఐదేండ్ల పిల్లగాని చేతికి తప్పు అంటుకోదు తమ్మీ. మా మేనత్త తలకు అంటుకోనట్టే.

గట్టు భక్తుడు
తమ్మీ, ఇగ నేను చెప్పేది ఇను. ఆ చిట్టీ నువ్వు తీయలే. నీ చేత్తోని తీయించిండ్రు. అది రాత. దీని మీద ఈడ ఎవరన్న నాతోని కొట్లాడుతరా?

జడ్చర్ల జంక్షన్
నేను కొట్లాడనన్నా.

కడవెండి బాట
నేనూ.

రాతి పొర
నేను కూడా. దాని తర్వాతి మాట మాత్రం నాది. మిట్ట చేను అంటే పనికిరాని చేను కాదు. ఐదో బోరు ఆలోచన ఇప్పుడు వద్దు. చేనులో కింది మూలకు ఒక ఫారంపాండ్ (వాన నీరు నిలిపే చిన్న కుంట) తవ్వించండి, వాలుకు అడ్డంగా కందకాలు తీయండి. వాన నీరు రెండు మూడు ఏళ్లు ఇంకనివ్వండి. ఎండిన నాలుగో బోరు చుట్టూ గుంత తీసి రాళ్లు, ఇసుక నింపితే ఆ గుంత నీరు బోరులోకే దిగుతుంది. దుమ్ము లేచిన బోర్లకు ముందు మూతలు బిగించండి, పిల్లలు తిరిగే చోటు. ఆ తర్వాత సర్వే. కావాలంటే నేనే వస్తాను. చండూరు నాకు దూరం కాదు, పైసలేమీ వద్దు.

బత్తాయి చెట్టు
నిన్న ఊరికి పోయిన. రాత్రి అన్నం తిన్నంక నాయినకు చెంబు ముచ్చట చెప్పిన. ఆయనకు యాదికే లేదు. "నువ్వా తీసింది? నేను మీ అత్త కొడుకనుకుంటున్న ఇన్నేండ్లు" అన్నడు. చానాసేపు ఏం అనలే. అటెనక నా చెయ్యి పట్టుకొని తిప్పి చూసిండు, చిన్నప్పుడు ముల్లు గుచ్చుకుంటే చూసినట్టు.

నర్సక్క చెప్పినట్టు బోర్ల సంగతిల ఆయన్ని తప్పు పట్టి ఒక్క మాట అనలే. గోళీల డబ్బి తెచ్చి ముంగట పెట్టిన. అమీనక్క చెప్పిన ఒంటె ముచ్చట చెప్పిన. "ఒంటె మనకెక్కడిదిరా, బర్రెనన్న కట్టేసినవా లేదా చూసిరాపో" అన్నడు. నేను కొట్టం కాడికి పోయి వచ్చేటాలకు గోళి మింగిండు. ఎందుకు మింగినవని అడగలే.

పొద్దుగాల సర్వే సారు ముచ్చట చెప్పిన. కొబ్బరికాయ లేకుండ నీళ్లు చూసేటోడు ఎసుంటోడు అని అడిగిండు. అడిగి, అమావాస్య ఎల్లినంక రమ్మను అన్నడు.

రాతి పొర
అమావాస్య వెళ్లిన రెండో రోజు వస్తాను. నాన్నగారిని చేను దగ్గరే ఉండమనండి. వాన ఎటు నుంచి ఎటు పారుతుందో నా మిషను కంటే ఆయనకే ఎక్కువ తెలుస్తుంది.

గట్టు భక్తుడు
అమావాస్యకు నేను గట్టు ఎక్కుత. మీ నాయిన పేరు మీద ఒక కొబ్బరికాయ కొడ్త. పేరు, గోత్రం పంపు.

దేవరకొండ నర్సు
మూడు నెలల షుగర్ పరీక్ష మర్చిపోకు తమ్ముడు. పరగడుపున రావాల్సిన పని లేదు దానికి, ఎప్పుడైనా ఇవ్వొచ్చు.

బత్తాయి చెట్టు
తీసుకొస్త అక్కా. సోమవారం.